మారా నది ఒడ్డున మూడు రాత్రులు: క్యాంపు ఎలా ఎంచుకోవాలి, అక్కడ ఎలా ఉండాలి

కెన్యాలోని మసాయి మారా రిజర్వుకి, అంటే అక్కడి వన్యప్రాణుల అభయారణ్యానికి, వెళ్లే మనవాళ్లు చాలామంది నైరోబీలో వ్యాన్ ఎక్కి, గేటు దగ్గర లాడ్జిలో దిగి, రెండు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జీపులో తిరిగి, సింహాన్ని ఫోన్లో పట్టుకుని వెనక్కి వస్తారు. నా మాట వింటే, ఇంకో ఊరు మానుకునైనా సరే, మారా నది ఒడ్డున గుడారాల క్యాంపులో మూడు రాత్రులు ఒకేచోట ఉండండి. నేను రాజమండ్రి వాణ్ణి, గోదావరి చూస్తూ పెరిగాను. నది దగ్గర ఊరికే కూర్చుంటే ఎంత కనిపిస్తుందో తెలిసినవాణ్ణే. అయినా మారా ఒడ్డున ఒక్క మధ్యాహ్నం చూసినంత ఎక్కడా చూడలేదు. మా అమ్మా నాన్నలతో, పదకొండేళ్ల అమ్మాయితో వెళ్లొచ్చాక, అడిగినవాళ్లకల్లా చెప్పిన మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు నెల తేల్చుకోండి

మారా నది మావు కొండల అడవుల్లో పుట్టి, దాదాపు 395 కిలోమీటర్లు పారి, టాంజానియాలో విక్టోరియా సరస్సులో కలుస్తుంది. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు (మందలుగా తిరిగే పెద్ద జింక జాతి జంతువులు), వాటితో పాటు జీబ్రాలు, టాంజానియాలోని సెరెంగెటీ మైదానాల నుంచి గడ్డి వెతుక్కుంటూ వచ్చి ఈ నదిని దాటేది సుమారుగా జులై నుంచి అక్టోబర్ లోపు. ఫలానా తారీఖున దాటతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. వాన ఎక్కడ పడితే అవి అటు పోతాయి.

మార్చి చివర నుంచి మే దాకా పెద్ద వానలు. ఆ రోజుల్లో ఒడ్డునున్న క్యాంపులు కొన్ని మూసేస్తారు. అందుకు కారణముంది. 2024లో ఏప్రిల్ చివర, మే మొదట్లో మారా, తాలెక్ నదులు పొంగి క్యాంపులు మునిగాయి, పర్యాటకుల్ని హెలికాప్టర్లలో బయటికి తీసుకొచ్చారు. నవంబర్, డిసెంబర్లలో చిన్న వానలుంటాయి కానీ అవి అంత ఇబ్బంది పెట్టవు. జనవరి, ఫిబ్రవరిలో మందలు ఉండవు గానీ సింహాలు, చిరుతలు, ఏనుగులు, హిప్పోలు ఎక్కడికీ పోవు. జనం తక్కువ, ఖర్చూ తక్కువ. ముసలివాళ్లతో వెళ్తుంటే నేనైతే ఫిబ్రవరే చెబుతాను.

ఖర్చు తేడాకి ఒక కారణం ప్రవేశ రుసుము. 2024 జులై నుంచి రిజర్వులో విదేశీ పెద్దవాళ్లకి రోజుకు 200 డాలర్లు చేశారు, అది జులై నుంచి డిసెంబర్ దాకా. జనవరి నుంచి జూన్ దాకా 100. క్యాంపు వాళ్లు చెప్పే ధరలో ఇది కలిసిందో లేదో మొదటి ఉత్తరంలోనే అడగండి. నలుగురు మూడు రోజులు ఉంటే ఎంతవుతుందో లెక్క వేసుకుంటే ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది.

క్యాంపు వాళ్లని అడగాల్సినవి

"రివర్ వ్యూ" అని రాసినంత మాత్రాన గుడారం నదికి ఎదురుగా ఉండదు. భోజనాల పాక ఒక్కటే నది వైపు ఉండి, గుడారాలన్నీ వెనక పొదల్లో ఉన్న చోట్లు ఉన్నాయి. మా మొదటి బుకింగ్ అలాంటిదే. ఏజెంటు పంపిన ఫొటో ఒకటి, ఇచ్చిన గుడారం ఇంకొకటి. అందుకని ఇలా అడగండి: నా గుడారం వరండాలో కూర్చుంటే నీళ్లు కనిపిస్తాయా? ఎండకాలంలో కూడా ఎదురుగా నీళ్లుంటాయా, ఇసుక మేటేనా? హిప్పోలు ఉండే మడుగు ఎంత దూరం? ఒడ్డు ఎంత ఎత్తు?

మంచి క్యాంపులు సాధారణంగా నది వంపు తిరిగేచోట, ఎత్తైన ఒడ్డు మీద ఉంటాయి. వంపులో నీళ్లు లోతుగా, నెమ్మదిగా ఉంటాయి కాబట్టి హిప్పోల గుంపులు అక్కడే స్థిరపడతాయి. మీరు కుర్చీ కదపక్కర్లేదు.

రెండో ప్రశ్న, క్యాంపు రిజర్వు లోపలా, కన్సర్వెన్సీలోనా? రిజర్వు దాదాపు 1,510 చదరపు కిలోమీటర్లు, నారోక్ కౌంటీది. నదికి పడమటి వైపున్న మారా ట్రయాంగిల్‌ని 2001 నుంచి మారా కన్సర్వెన్సీ అనే సంస్థ చూసుకుంటోంది. అక్కడ దారులూ నియమాలూ బాగుంటాయి. రిజర్వుకి ఉత్తరాన ఉన్న మారా నార్త్, నబోయిషో లాంటి కన్సర్వెన్సీలు అక్కడి మసాయి తెగ కుటుంబాల సొంత భూములు. అద్దె తీసుకుని వాళ్లు వాటిని జంతువులకి వదిలారు. రిజర్వులో పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే తిరగనిస్తారు. కన్సర్వెన్సీల్లో జీపులో రాత్రి సవారీ, కాలినడక కూడా ఉంటాయి.

మూడో ప్రశ్న పిల్లల గురించి. కంచె లేని క్యాంపులు కొన్ని చిన్నపిల్లల్ని తీసుకోవు. వయసు ముందే చెప్పండి.

కాగితాలు, టీకా

కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఈ-టీఏ అనే ముందస్తు అనుమతి పెట్టింది. ప్రభుత్వ వెబ్‌సైటులోనే కట్టండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఉన్నాయి, మా పిన్ని కొడుకు ఒకదాంట్లో మూడింతలు కట్టాడు.

టీకా మాత్రం మర్చిపోకూడనిది. కెన్యా నుంచి ఇండియాకి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఎల్లో ఫీవర్ టీకా పత్రం ఉండాలి, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ పత్రం చెల్లదు. కాబట్టి కనీసం నెల ముందే చూసుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లోనూ, విశాఖపట్నంలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్‌లోనూ వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్ని కలవాలి. మా నాన్నగారికి 68. టీకా సూది దగ్గరికి వెళ్లేముందే ఆయన బీపీ మందులన్నీ డాక్టర్‌కి చూపించాం.

మలేరియా మాత్రల సంగతి కూడా అదే రోజు డాక్టర్‌ని అడగండి. మారా 1,500 మీటర్లకు పైన ఎత్తులో ఉంది, దోమలు మన కోనసీమలో ఉన్నంత ఉండవు. అయినా మలేరియా ఉంది. మాత్రలు ప్రయాణానికి ముందు మొదలుపెట్టి, వచ్చాక కూడా డాక్టర్ చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. ఇంటికి రాగానే మానేయడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు.

సంచీ సర్దడం

నైరోబీలో విల్సన్ విమానాశ్రయం నుంచి మారాకి చిన్న విమానాలు వెళ్తాయి, గంటలోపు ప్రయాణం. చేతి సంచీతో కలిపి మనిషికి 15 కిలోలు, అదీ మెత్తటి సంచీలో. చక్రాల సూట్‌కేసు వాటిలో పట్టదు. రోడ్డున అయితే నారోక్ మీదుగా అయిదారు గంటలు. ఒకవైపు రోడ్డు, ఒకవైపు విమానం పెట్టుకుంటే రిఫ్ట్ లోయనీ చూడొచ్చు, నడుమూ బతుకుతుంది.

బట్టలు ఖాకీ, మట్టిరంగు, లేత ఆకుపచ్చ. ముదురు నీలం, నలుపు వద్దు, సెట్సీ ఈగలు ఆ రంగుల మీదకే వస్తాయి, కుడితే బాగా నొప్పి. సైనికుల మచ్చల గుడ్డలు కెన్యాలో మామూలు మనుషులు వేసుకోకూడదు. ఆఫ్రికా అనగానే ఎండ అనుకుని మందపాటి స్వెట్టర్ వదిలేసి వెళ్లేవాళ్లే అందరూ. తెల్లవారి ఆరింటికి పైకప్పు తీసిన జీపులో గాలి కోసేస్తుంది. మా అమ్మకి శాలువా, మంకీ క్యాప్ రెండూ పనికొచ్చాయి.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2017 నుంచి కెన్యాలో నిషేధం. ఒకసారి వాడి పారేసే సీసాలు, గ్లాసులు, స్ట్రాలు 2020 నుంచి అభయారణ్యాల్లో నిషేధం. స్టీలు నీళ్ల సీసా, గుడ్డ సంచులు పట్టుకెళ్లండి. డ్రోన్ ఇంట్లోనే వదలండి. ప్లగ్గు దుబాయ్‌లో, లండన్‌లో ఉండే మూడు చదరపు కాళ్లది, దానికి అడాప్టర్ కావాలి. కరెంటు సోలార్‌ది, చాలా చోట్ల గుడారంలో కాక భోజనాల పాకలో చార్జింగ్ పెట్టుకోవాలి.

బైనాక్యులర్ మాత్రం మనిషికొకటి. ఎనిమిదింతలు చూపించేవి చాలు. ఇంట్లో నలుగురికీ కలిపి ఒకటి పట్టుకెళ్తే, చేతులు మారేలోపు చిరుత చెట్టు దిగిపోతుంది.

తిండి

శాకాహారులు భయపడక్కర్లేదు. కెన్యాలో గుజరాతీలు, పంజాబీలు తరాలుగా ఉన్నారు, క్యాంపు వంటవాళ్లకి మన తిండి కొత్త కాదు. అక్కడి మామూలు జనం తినేదాంట్లోనే చపాతీ ఉంది, పేరు కూడా చపాతీయే. ఎండెంగూ అంటే పెసల కూర. సుకుమా వికీ అంటే ఉల్లిపాయ, టమాటా వేసి వేయించిన ఆకుకూర. ఈ మూడూ అడిగితే క్యాంపు వాళ్లు సంతోషంగా చేస్తారు, విదేశీయులు వీటిని అడగరు కాబట్టి. బుక్ చేసేటప్పుడే "గుడ్డు కూడా తినం" అని విడిగా రాయండి. శాకాహారం అంటే గుడ్డు తింటారని వాళ్ల లెక్క.

ఆవకాయ, కందిపొడి తీసుకెళ్తే దిగగానే వంటింట్లో ఇచ్చేయండి. గుడారంలో బిస్కెట్ ముక్క కూడా ఉంచకూడదు. కోతులకి జిప్పు తీయడం వచ్చు, బబూన్లకి ఇంకా బాగా వచ్చు.

చీకటి పడ్డాక

ఇదొక్క భాగం నెమ్మదిగా చదవండి, ఇంట్లోవాళ్లకి చదివి వినిపించండి.

నది క్యాంపుల్లో చాలావాటికి కంచె ఉండదు. హిప్పో పగలంతా నీళ్లలో ఉండి, పొద్దు వాలాక గడ్డి మేయడానికి ఒడ్డెక్కుతుంది, తెల్లారేలోపు దిగిపోతుంది. తరతరాలుగా ఎక్కే దారినే ఎక్కుతుంది. ఆ దారి మీ గుడారం పక్క నుంచి ఉండొచ్చు. అది మనిషిని తినదు. దానికీ నీళ్లకీ మధ్య మనం అడ్డుపడితే మాత్రం తొక్కుకుంటూ పోతుంది, అంత ఒళ్లున్నా మనకంటే వేగంగా పరిగెత్తుతుంది.

అందుకే చీకటి పడ్డాక గుడారం నుంచి పది అడుగులు కూడా ఒంటరిగా వేయకూడదు. టార్చి ఊపితేనో, ఈల వేస్తేనో, రేడియోలో పిలిస్తేనో కాపలా మనిషి వస్తాడు. స్వాహిలీలో ఆస్కారీ అంటారు, ఎక్కువగా మసాయివాళ్లే. ఆయన ముందు, మీరు వెనక. ఆయన ఆగితే ఆగాలి, చెయ్యెత్తితే మాట ఆపాలి. రెండో రాత్రి భోజనం చేసి వస్తుంటే మా ఆస్కారీ ఉన్నట్టుండి ఆగి టార్చి నేలకి దించాడు. ముప్ఫై అడుగుల్లో నల్లగా ఒక గుట్ట, కదులుతోంది. మేం వెనక్కి వెనక్కి నడిచి, వంటపాక చుట్టూ తిరిగి ఇంకో దారిన వెళ్లాం. ఆయన ఒక్కమాటా మాట్లాడలేదు. మా నాన్నగారిని "మ్జే" అనీ, అమ్మని "మామా" అనీ పిలిచేవాడు. మ్జే అంటే పెద్దాయన అని. మీరూ వాళ్లలో పెద్దవాళ్లని అలాగే పిలవండి. పొద్దున కనిపిస్తే "సోపా" అనండి, మసాయి పలకరింపు అది. ధన్యవాదానికి "అషె ఒలెంగ్".

గుడారంలో పడుకున్నాక అన్ని జిప్పులూ కింద దాకా వేయండి. లోపల ఉన్నంతసేపూ భయం లేదు, గుడారాన్ని జంతువులు గోడలాగే చూస్తాయి. పక్కలో వేడినీళ్ల రబ్బరు సంచీ పెట్టి ఉంచుతారు, ముందే తెలిస్తే కాలికి తగిలినప్పుడు ఉలిక్కిపడరు. రాత్రి రెండింటికి ఏదో నమిలే చప్పుడు వినిపిస్తుంది. మా అమ్మ నిద్రలోంచి లేచి, "ఎవరిదో గేదె తాడు తెంపుకొచ్చిందిరా" అంది. అచ్చం అలాగే ఉంటుంది, పళ్లతో కాక పెదాలతో గడ్డి పట్టి పర్ర్ పర్ర్‌మని పీకే చప్పుడు, మధ్యలో బరువైన ఊపిరి. గుడ్డ గోడకి అటు హిప్పో, ఇటు మేం. టార్చి వేయొద్దు, జిప్పు తీసి చూడొద్దు. వినండి చాలు. దూరంగా దుమ్ములగొండి "ఊ...ఉప్" అని చివర్లో స్వరం పైకెత్తుతుంది. సింహం గర్జన నిశ్శబ్దంగా ఉన్న రాత్రి ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుందంటారు. పక్కనే ఉన్నట్టుంటే పక్కనే ఉందని కాదు.

పొద్దున సవారీ, నది దాటే చోట

అయిదున్నరకి టీ తెచ్చి గుడారం బయట పలకరిస్తారు. ఆరింటికల్లా జీపులో ఉండండి. మొదటి రెండు గంటలే గంటలు, ఆ తర్వాత ఎండెక్కి సింహాలు పడుకుంటాయి. మీ డ్రైవరే మీ గైడు. మొదటి రోజే ఆయనకి మీ ఇష్టం చెప్పండి: "పెద్ద జంతువులన్నీ చూపించక్కర్లేదు, ఒక్కచోట ఎక్కువసేపు ఆగినా ఫర్లేదు." ఈ మాట విన్నాక మా గైడు ముఖం వెలిగిపోయింది.

నది దాటే చోట ఓపిక కావాలి. మందలు ఒడ్డుకి చేరి గంటలు నిలబడతాయి. వెనకవి తోస్తుంటాయి, ముందువి తటపటాయిస్తుంటాయి. ఒక జీబ్రా దిగి, నాలుగు గుక్కలు తాగి, నీళ్లవైపే చూస్తూ వెనక్కి అడుగులేసింది. అంతే, వెయ్యి వైల్డ్‌బీస్ట్‌లు దుమ్ము రేపుకుంటూ వెనక్కి తిరిగాయి. మూడు గంటలు కూర్చుని ఉత్త చేతుల్తో వచ్చాం. మర్నాడు పదకొండింటికి పావుగంటలో దాటేశాయి.

ఇక్కడ మన బాధ్యత ఒకటుంది. మొదటివి నీళ్లలో దిగేదాకా వాహనాలు ఒడ్డుకి దూరంగా ఉండాలి. ఎదురొడ్డున జీపులు వరసగా నిలబడితే అవి దారి లేక నిటారు గట్లెక్కబోయి పడతాయి. ముందుకి పొమ్మని డ్రైవర్ని తొందరపెట్టకండి. పక్క జీపు పోయినా సరే. వేటాడే జంతువు దగ్గర అయిదు వాహనాలకి మించి ఉండకూడదు, దారి దిగి పోనివ్వకూడదు, తలుపు తీసి దిగకూడదు.

దాటడంలో చచ్చిపోయేవి ఉంటాయని పిల్లలకి ముందే చెప్పండి. 2001 నుంచి 2015 దాకా లెక్కలు చూసిన శాస్త్రవేత్తలు, ఏడాదికి సగటున 6,250 వైల్డ్‌బీస్ట్‌లు ఈ నదిలో మునిగి చనిపోతున్నాయని తేల్చారు. మొసళ్లు తినేది అందులో కొంచెమే. మిగతాది రాబందులు, మరబు కొంగలు, చేపలు తింటాయి. ఎముకలు ఏళ్ల తరబడి కరుగుతూ నదికి సారమవుతాయి. ఇది చెప్పాక మా అమ్మాయి ఏడుపాపి, కొంగల్ని లెక్కపెట్టింది.

ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉంచండి

రెండో రోజు సాయంత్రం సవారీ మానేయండి. డబ్బు కట్టేశాం కదా అనిపిస్తుంది. మానేయండి. మూడింటికి కుర్చీ నది వైపు వేసుకుని, బైనాక్యులర్ ఒళ్లో పెట్టుకుని, ఫోను లోపల వదిలేసి కూర్చోండి. అంచు దాకా వెళ్లొద్దు, గట్లు కింద కోసుకుపోయి ఉంటాయి. గోదావరిలో లాగా కాళ్లు కడుక్కుందామని దిగే నది కాదిది.

ముందు బండరాళ్లు కనిపిస్తాయి. వాటికి చెవులున్నాయని కాసేపటికి తెలుస్తుంది. ఒక హిప్పోని గుర్తుపెట్టుకుని, మునిగిన దగ్గర్నుంచి గడియారం చూడండి. మూడు నాలుగు నిమిషాలకి ముక్కు పైకొస్తుంది, బుస్సుమని నీళ్లు చిమ్ముతుంది, రెండు చెవులూ గిరగిరా తిరుగుతాయి. అది ఈదదు, అడుగున నడుస్తుంది. కాబట్టి ఎక్కడ తేలుతుందో ఊహించవచ్చు. నోరు బార్లా తెరిస్తే ఆవలింత అనుకోకండి, పక్కదాన్ని బెదిరిస్తోంది. ఎదురు ఇసుక మీద దుంగ దుంగలాగే ఉంటే గంటసేపు చూడండి, అది మొసలి, నోరు తెరుచుకునే ఉంటుంది, ఒళ్లు చల్లబరుచుకోవడానికి.

ఒడ్డున కాండానికే గుత్తులుగా కాయలు కాసిన చెట్టు మన మేడిచెట్టు జాతిదే. కాయలు పండితే కోతులు, పావురాలు, రాలినవాటికి జింకలు. లకుముకి పిట్టల్లో కాకంత పెద్దది ఉంటుంది ఇక్కడ, కొమ్మ మీద నుంచి నిట్టనిలువునా దూకుతుంది. ఆరున్నరకి పొద్దు వాలుతుంది, భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడుగునా దాదాపు అదే వేళకి. అప్పుడు హిప్పోలు ఒక్కొక్కటే గట్టు వైపు జరగడం మొదలుపెడతాయి. కుర్చీ వెనక్కి లాక్కుని ఆస్కారీని పిలవాల్సిన వేళ అది.

బయల్దేరే రోజు

గైడుకి బక్షీసు విడిగా చేతికివ్వండి, మామూలుగా మనిషికి రోజుకి పది డాలర్లు, ఆ పైన మీ ఇష్టం. వంటవాళ్లకీ, ఆస్కారీలకీ, నీళ్లు మోసేవాళ్లకీ కలిపి భోజనాల పాకలో పెట్టె ఉంటుంది. బకెట్ షవర్‌కి పొద్దున్నే కట్టెల మీద నీళ్లు కాచేది మీకు కనిపించని మనుషులే, అందుకని ఆ పెట్టెని తక్కువ చేయకండి. కొత్త డాలర్ నోట్లు తీసుకెళ్లండి, చిరిగినవీ పాతవీ అక్కడ మారవు.

సంచీలు విదిలించి సర్దండి, బూట్లు తలకిందులు చేసి దులపండి. ఎల్లో ఫీవర్ పుస్తకం పాస్‌పోర్టులోనే పెట్టి చేతి సంచీలో ఉంచుకోండి. శంషాబాద్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్ కంటే ముందు దాన్నే అడుగుతారు. వచ్చిన కొన్ని వారాల్లో జ్వరం తగిలితే, మామూలు జ్వరమే అనుకోకుండా కెన్యా వెళ్లొచ్చామని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి.